పాపతో సముద్రం మీద ఒక పూట: మంగమారిపేట నుంచి గాలం వేటకు (అనుభవం, ఒక సందేహం)

బీచ్‌రోడ్డు_నాన్న
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో వలల గురించీ గాలాల గురించీ మీరు రాసేవి రెండేళ్లుగా చదువుతున్నానే తప్ప నేనెన్నడూ రాయలేదు. పోయిన ఆదివారం మా పదకొండేళ్ల పాపను వెంటబెట్టుకుని విశాఖకు ఉత్తరాన ఉన్న మంగమారిపేట నుంచి సముద్రం మీదికి గాలం వేటకు వెళ్లివచ్చాను. ఆ రోజు నేను తీసుకున్న ఒక నిర్ణయం వారం రోజులుగా మనసును తొలుస్తోంది. జరిగింది జరిగినట్టు రాస్తాను, తెలిసినవారు తప్పొప్పులు చెప్పండి.

వేసవి సెలవుల్లో వెళ్దామని పాపకు ఏడాదిగా మాటిస్తూ వచ్చాను. తీరా చూస్తే మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజిను పడవలకు వేట నిషేధం, బడి సెలవులు దాదాపు మొత్తంగా అందులోనే మునిగిపోతాయి. అందుకని ఫిబ్రవరిలో ఒక ఆదివారం చూసుకున్నాము. అది బహుళ అష్టమి. అష్టమినాడు ప్రయాణమేమిటని మా అమ్మ గుమ్మంలో అడ్డుపడింది. పడవ మా నాన్నగారికి ముప్పై ఏళ్లుగా తెలిసిన పెద్దాయనది, మా పాప ఆయనను తాతా అనే పిలుస్తుంది. ఆయన మాత్రం గాలం వేటకు అష్టమీ నవమీ మేలని తేల్చేశారు. అమావాస్యకూ పున్నమికీ పోటు పెద్దది, నీటి లాగుడుకు తాడు ఏటవాలుగా కొట్టుకుపోతుంది. అష్టమికి పోటు చిన్నది కనుక తాడు నిలువుగా దిగి, దాని చివర కట్టిన బరువు గుండు అడుగు నేలను తాకిన సంగతి చేతికి తెలుస్తుందని ఆయన లెక్క.

ఆయన జంకింది మరో విషయానికి. వాళ్ల పేటలో ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, ఎండబెడతారు, లెక్కలన్నీ చూస్తారు, కానీ వేటకు పడవ ఎక్కే ఆనవాయితీ లేదు. ఆడపిల్లను ఎక్కిస్తే నలుగురూ ఏమంటారోనని ఆయన నసుగుతుంటే, గంప సర్దుకుంటున్న ఆయన భార్య తలెత్తకుండానే, "గంగమ్మ మాత్రం మగోడేటి? ఎక్కించు" అన్నది. దానితో ఆ చర్చ ముగిసింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఒడ్డుకు చేరాము. దక్షిణం వైపు సగం చంద్రుడు ఉన్నాడు, నేల మీదినుంచి చల్లటి గాలి సముద్రం మీదికి వీస్తోంది. పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాక, పెద్దాయన, ఆయన కొడుకు, నేను కలిసి ఫైబరు తెప్పను నీటిలోకి నెట్టాము. ఒడ్డు అలలు దాటేటప్పుడు పెద్దాయన వెంటనే పోనివ్వలేదు. వరుసగా వచ్చిన పెద్ద అలలను పోనిచ్చి, కాస్త తెరిపి ఇచ్చిన క్షణాన "ఇప్పుడు" అన్నారు. ఆ తోపులోనే, నేను అంతర్జాలంలో కొన్న లైఫ్ జాకెట్ బకిలు పాప ఛాతీ మీద పుటుక్కున విరిగింది. తాడుతో కట్టి సరిపెట్టాము. ఇది నా మొదటి తప్పు, ఒప్పుకుంటున్నాను.

ముప్పావు గంట ప్రయాణం తరువాత ఇంజిను ఆపారు. అక్కడ అడుగున రాతి దిబ్బ ఉందట. ఆయన దగ్గర ఏ పరికరమూ లేదు. తొట్లకొండ అంచు దాని వెనక ఉన్న కొండ భుజం మీదికి రావాలి, అదే సమయంలో ఉత్తరాన భీమిలి పావురాలకొండ చివర తీరంలోని ఒక తాటితోపుతో కలవాలి, ఆ రెండు గీతలూ ఎక్కడ ఖండించుకుంటే అక్కడ లంగరు. రేఖాగణితంలో పాప చదువుకుంటున్న పాఠమే అది. "తాతా, ఒక్క కొండ సరిపోదా?" అని అడిగితే, "ఒక్క కొండ దారి చెబుతాది, రెండోది ఊరు చెబుతాది" అన్నారు.

తరువాత లోతు. తాడును రెండు చేతుల నిడివితో బారలుగా కొలుస్తూ దించారు, పదిహేను బారలకు గుండు తగిలింది. పాప తన తాడు తానే కొలుస్తానని పట్టుబట్టి దించింది, పంతొమ్మిది వచ్చింది. ఇద్దరి తాళ్లూ పక్కపక్కనే ఉన్నా లెక్కలో నాలుగు బారల తేడా. పెద్దాయన నవ్వుతూ పాప చేతిని తన చేతి పక్కన చాపించేదాకా మాకు తట్టలేదు.

ఎరగా కవ్వ చేపల ముక్కలు గుచ్చాము. మొదట కానాగంతలు పడ్డాయి, ఒకేసారి తాడుకు మూడు. తరువాత పాప తాడుకే ఒక పెద్ద గొరస పడింది. తెప్పలోకి లాగగానే అది స్పష్టంగా గుర్రుగుర్రుమన్నది, పాప భయపడి తాడు వదిలేసింది. చేప అరుస్తుందని నాకూ అప్పటిదాకా తెలియదు. ఇంతలో పడవకు నాలుగు బారల దూరంలో ఒక తాబేలు తల పైకెత్తి, గాలి పీల్చుకుని, మమ్మల్ని పట్టించుకోకుండా మునిగిపోయింది. ఈ నెలల్లో అవి గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి.

ఇక అసలు విషయం. ఏడు గంటలకు పాపకు కడుపులో తిప్పడం మొదలైంది. లంగరు వేసిన పడవ ఊగుడు నడిచే పడవ ఊగుడుకన్నా దారుణమని అప్పుడే తెలిసింది. రెండుసార్లు వాంతి చేసుకున్నది. వెళ్లిపోదామా అంటే వద్దని ఏడ్చింది, "నేనే రమ్మన్నాను కదా నాన్నా" అన్నది. నేను సరే అన్నాను. మరో గంటన్నర ఉన్నాము. ఎనిమిదిన్నరకు, ఎండ ముదరకముందే, మా ఇద్దరినీ అడగకుండా పెద్దాయన లంగరు ఎత్తేశారు. వాంతి చేసుకున్న పిల్ల మాట విని అక్కడే ఉండిపోవడం సబబా, లేక మొదటి వాంతికే వెనుదిరగవలసిందా?


ఇద్దరి_తల్లి
ఆదివారం, రాత్రి 10:25

సూటిగా చెబుతున్నందుకు మన్నించండి, మొదటి వాంతికే వెనుదిరగవలసింది. పదకొండేళ్ల పిల్ల తండ్రిని నిరాశపరచకూడదని "వద్దు" అంటుంది, ఆ "వద్దు"కు మీరు చెవి ఒగ్గడం పిల్ల ఇష్టాన్ని గౌరవించడం కాదు, నిర్ణయాన్ని పిల్ల నెత్తిన పెట్టడం. మా చిన్నవాడిని భీమిలిలో విహార పడవ ఎక్కించినప్పుడు నేనూ సరిగ్గా ఇదే తప్పు చేశాను, అందుకే ఇంత కచ్చితంగా రాస్తున్నాను.

జాకెట్ సంగతి ఇంకా పెద్దది. పిల్లల జాకెట్‌ను వయసును బట్టి కాదు, బరువును బట్టి కొనాలి. తొడిగి, అన్ని పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూడాలి. గడ్డం జాకెట్ లోపలికి జారిపోతే అది నీళ్లలో తల మీదుగా ఊడి వచ్చేస్తుందని అర్థం. కాళ్ల మధ్యగా వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోండి. విరిగిన బకిలుకు తాడు కట్టి సముద్రంలోకి వెళ్లడం ఎంతమాత్రమూ సరిపెట్టుకోవలసిన విషయం కాదు, అప్పటికి మీరింకా ఒడ్డు పక్కనే ఉన్నారు.


పేట_కుర్రోడు
సోమవారం, ఉదయం 6:05

నేను జాలరి కుటుంబంలో పుట్టినవాణ్ణి. ఇప్పుడు ఓడల మరమ్మతు పనిలో ఉన్నాను, తమ్ముడు ఇంకా వేటకు వెళుతున్నాడు. మా నాన్న నన్ను తొమ్మిదో ఏట తెప్ప ఎక్కించాడు, విహారానికి కాదు, పడవలో చేరే నీళ్లు తోడడానికి. అప్పట్లో మాది చెక్క తెప్ప, దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్లతో కట్టినది. ఎక్కిన క్షణం నుంచి దిగేదాకా నడుము కింద తడి ఆరేది కాదు. నాకూ వాంతులయ్యాయి. వెనుదిరగడమన్న మాటే ఎవరి నోటా రాలేదు, ఎందుకంటే వల నీళ్లలో ఉంది. మూడోనాటికి వాంతులు వాటంతటవే ఆగిపోయాయి. ఇదేమీ గొప్పగా చెప్పుకోవడం లేదు, వేరే దారి లేదని చెబుతున్నానంతే.

నాకు తట్టిన ప్రశ్న వేరు. మీ కోసం ఆ పెద్దాయన ఒక పూట వేట వదులుకున్నారు. మా దగ్గర వేటలో వచ్చిన డబ్బులోంచి ముందు నూనె ఖర్చు తీసి, మిగిలినదాన్ని పడవకు ఒక వాటా, వలకు ఒక వాటా, మనుషులకు తలా ఒక వాటాగా పంచుకుంటారు. కొడుకును కూడా వెంట తీసుకొచ్చారంటే ఆ రోజు రెండు వాటాలు పోయినట్టే. మీరు ఎంత ఇచ్చారు, పట్టిన చేపలు ఎవరు తీసుకున్నారు? కొండల గురించి అంత చక్కగా రాసి, ఈ ముక్క రాయకపోవడం కొంచెం బాధ కలిగించింది.


మత్స్యశాస్త్రం_చివరి_ఏడు
సోమవారం, ఉదయం 11:50

గొరస గుర్రుమనడం గురించి రెండు మాటలు. చేపకు స్వరపేటిక లేదు. గొరస కడుపులో గాలి నిండిన తిత్తి ఒకటి ఉంటుంది, దాని పక్కనున్న కండరాలు వేగంగా అదిరి ఆ తిత్తిని డప్పులా మోగిస్తాయి, మీ పాప విన్నది ఆ మోతనే. నీళ్లలో ఇవి జత కోసం ఇలా మోగుతాయి, చేతికి చిక్కినప్పుడు బెదిరి మోగుతాయి. పత్రికల్లో అప్పుడప్పుడు లక్షల ధర పలికిందని వచ్చే కచిడి చేప కూడా ఈ కుటుంబానిదే, దాని ధరంతా ఆ తిత్తిదే.

చేపను ఇంట్లో కోశారా? కోసి ఉంటే తల పారేయలేదు కదా? గొరస తలలో రెండు తెల్లని రాళ్లు ఉంటాయి. చెవిరాళ్లు అనవచ్చు. అన్ని ముళ్ల చేపలకూ ఉంటాయి కానీ గొరసలకు బాగా పెద్దవి, చింతగింజకు తమ్ముళ్లలా ఉంటాయి. ఒరిగిన సంగతి, కదలిన సంగతి చేపకు తెలిసేది వాటి ద్వారానే. మీ పాప కడుపులో తిప్పడానికి కారణం కూడా చెవి లోపలి అటువంటి ఏర్పాటే అన్నది నాకు ముచ్చటగా తోచింది. చెవి "ఊగుతున్నాము" అంటుంది, పడవలోని వస్తువులను చూస్తున్న కన్ను "కదలడం లేదు" అంటుంది, ఆ తగవు మధ్య కడుపు నలిగిపోతుంది.


బీచ్‌రోడ్డు_నాన్న
సోమవారం, రాత్రి 8:15

పేట కుర్రోడు గారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. నూనె ఖర్చుతో పాటు ఇద్దరి పూట కూలి లెక్కగట్టి కవరులో పెట్టి ఇచ్చాను. పెద్దాయన నూనె డబ్బు మాత్రం తీసుకుని మిగిలింది నా జేబులో తోశారు. నేను ఆయన భార్యకు ఇచ్చాను, ఆవిడ ఏ మొహమాటమూ లేకుండా లెక్కపెట్టుకుని కొంగున ముడివేసుకున్నారు. కానాగంతలన్నీ ఆవిడే గంపలో వేసుకుని అమ్మకానికి తీసుకెళ్లారు, గొరస ఒక్కటే పాపకు ఇచ్చారు. ఇది రాయకపోవడం నా లోపమే.

ఇద్దరి తల్లి గారూ, జాకెట్ విషయంలో మీతో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. వాంతి విషయంలో ఒక్క సంగతి చేర్చాలి. మేము ఉండిపోయిన గంటన్నరా పాప పడుకుని లేదు. పెద్దాయన కొడుకు తనను ఇంజిను పొగ తగలని చోట, పడవ నడిమికి దగ్గరగా కూర్చోబెట్టి, తీరంలోని కొండలనే చూస్తూ ఉండమని చెప్పాడు. గాలానికి ఎర గుచ్చడం కోసం తల వంచినప్పుడల్లా తిప్పింది, తల ఎత్తి కొండలు చూస్తే తగ్గింది. ఆ తరువాత వాళ్ల డబ్బాలోని చోడి అంబలి నాలుగు గుక్కలు తాగింది, అది మాత్రం కడుపులో నిలిచింది. మేము ఇంటి నుంచి తెచ్చిన నూనె పూరీలే మొదటి వాంతికి కారణమని ఇప్పుడు అనుమానం.

విద్యార్థి గారూ, మీ సందేశం చూసేసరికి తల పులుసులో ఉంది.


న్యూజెర్సీ_గాలం
మంగళవారం, తెల్లవారుజామున 3:30

మేము ఇక్కడ బెల్మార్ రేవు నుంచి పిల్లలతో వెళుతుంటాము. టిక్కెట్టు కొని ఎక్కే పెద్ద పడవలు, గాలం, ఎర అన్నీ వాళ్లే ఇస్తారు. పట్టిన ప్రతి చేపనూ పడవ మనిషి కొలబద్ద మీద పెట్టి చూస్తాడు, నిర్ణీత కొలతకు అంగుళం తగ్గినా తిరిగి నీళ్లలోకి వేయవలసిందే. మా అబ్బాయి తన మొదటి చేపను అలా పోగొట్టుకుని ఒడ్డు చేరేదాకా ఏడ్చాడు. అన్నీ సక్రమంగా ఉంటాయి కానీ, కొండకు కొండ జోడించి చూపించే తాత మాత్రం ఏ టిక్కెట్టుకూ రాడు. మీ రాతలోని ఆ రెండు గీతల ముక్కను మావాడికి చదివి వినిపించాను.


తీరవాసి_60
మంగళవారం, ఉదయం 9:10

చదివి చాలామంది ఇదే పని చేయబోతారు కనుక కొన్ని హెచ్చరికలు రాయడం అవసరమనిపించింది. చేపల పడవలకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది వేటకే గాని ప్రయాణికులను తిప్పడానికి కాదు. దశాబ్దాల పరిచయం వేరు, ఒడ్డున కనబడిన పడవవానికి డబ్బిచ్చి పిల్లలతో ఎక్కేయడం వేరు. రెండవది చేయకండి. జరగరానిది జరిగితే మీకన్నా ముందు చిక్కుల్లో పడేది ఆ పేదవాడు.

బయలుదేరే ముందు రోజు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర సూచనలు చూడండి, అలల ఎత్తు, గాలి వేగం రేవుల వారీగా తెలుగులోనే దొరుకుతాయి. ఉపగ్రహాలు చూసిన నీటి ఉపరితల ఉష్ణోగ్రతనూ నాచు రంగునూ బట్టి చేపలు ఎక్కడ చేరవచ్చో కూడా అదే సంస్థ చెబుతుంది. ఫోనును నీళ్లు చొరని సంచిలో పెట్టుకోండి, తీరరక్షక దళం నంబరు 1554 అందులో ముందే దాచుకోండి. ఒడ్డున ఒక మనిషికి ఎన్ని గంటలకు తిరిగి వస్తారో చెప్పి వెళ్లండి. వాంతుల మాత్ర వేయదలచుకుంటే పిల్లల మోతాదు వైద్యుణ్ణి అడిగి, పడవ ఎక్కడానికి బాగా ముందే వేయాలి. తిప్పడం మొదలయ్యాక వేసిన మాత్ర చాలావరకు వాంతితోనే బయటికి పోతుంది.


పేట_కుర్రోడు
మంగళవారం, రాత్రి 9:30

బీచ్‌రోడ్డు నాన్న గారూ, డబ్బు సంగతి వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. కొంగున ముడివేసుకున్నారన్న చోట మా అమ్మ కనబడింది.

మీ అసలు ప్రశ్నకు ఇంకా ఎవరూ సరిగ్గా బదులివ్వలేదని నాకు అనిపిస్తోంది. ఉండాలా వెళ్లాలా అని మీరు పాపను అడిగారు, పాప మిమ్మల్ని చూసి చెప్పింది. పడవలో ఆ మాట అడగవలసింది చుక్కాని దగ్గర కూర్చున్నవాణ్ణి. మీరు ఎనిమిదిన్నరకు "ఎండ ముదరకముందే" అని రాశారు, ఆయన చూసింది ఎండను కాదనే నా నమ్మకం. తెల్లవారుజామున నేల మీది గాలి సముద్రం వైపు వీస్తుంది, పొద్దెక్కి నేల కాగేకొద్దీ అది పడిపోయి, కాసేపు గాలి ఆడక, ఆ తరువాత సముద్రం మీది గాలి ఒడ్డుకు తిరుగుతుంది. అది బలపడితే నీటి మీద పొట్టి అలలు లేస్తాయి, ఒడ్డు అలలు కూడా చెడతాయి. నీరసించిన పిల్ల, సరైన జాకెట్ లేని పిల్ల పడవలో ఉన్నప్పుడు ఒడ్డు అలలను దాటే పని గాలి తిరగకముందే ముగించాలని ఆయన ఏడు గంటలకే నిర్ణయించుకుని ఉంటారు. మీకు చెప్పకపోవడానికి కారణం, చెబితే పాప ఇంకాస్సేపు అని బతిమాలుతుంది, మీరు మెత్తబడతారు. వీలైతే ఆయననే అడిగి చూడండి.


ఇద్దరి_తల్లి
మంగళవారం, రాత్రి 10:02

పేట కుర్రోడు గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను, కానీ మొదటి వాంతికే వెనుదిరగాలన్న నా మాట మీదే ఉన్నాను. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.


బీచ్‌రోడ్డు_నాన్న
శనివారం, మధ్యాహ్నం 2:20

ఈ ఉదయం పాపతో మంగమారిపేట వెళ్లి పెద్దాయననే అడిగాను. ఆయన వల బాగు చేసుకుంటున్నారు. "ఏడింటికే అనుకున్నాను గాని, గాలి ఇంకా నేల మీదిదే ఉంది, పిల్ల కొండలు చూస్తంది, కూకోనీ అనుకున్నాను. బకిలు ఊడినప్పుడే దింపీవలసింది, అది నా తప్పు" అన్నారు. నా తప్పును ఆయన తన మీద వేసుకోవడం విని ఏమనాలో తోచలేదు. ఆయన భార్య మాత్రం, "ఇద్దరిదీ తప్పే" అని తేల్చి, పాపకు మరో గొరసను కాగితంలో చుట్టి ఇచ్చింది, తూకం వేసి డబ్బు తీసుకునే ఇచ్చింది.

ఈసారి తలను పాపే దగ్గరుండి విప్పించింది. విద్యార్థి గారు చెప్పినట్టే రెండు తెల్లని రాళ్లు వచ్చాయి, ఒకవైపు నున్నగా, మరోవైపు గరుకుగా ఉన్నాయి. అగ్గిపెట్టెలో దూది వేసి దాచుకున్నది. వాటిలో చేప వయసు తెలుస్తుందని ఎక్కడో చదివానంటోంది, నిజమేనా?


మత్స్యశాస్త్రం_చివరి_ఏడు
శనివారం, సాయంత్రం 6:45

నిజమే. రాయి చేపతో పాటు పొరలు పొరలుగా పెరుగుతుంది, చెట్టు మాను లోపలి వలయాల మాదిరిగా. కానీ పైనుంచి భూతద్దంతో చూస్తే ఏమీ కనబడదు, నడిమికి పలుచగా కోసి, అరగదీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. మనలాంటి వెచ్చని సముద్రాల చేపల్లో ఏడాది వలయాలు చలి దేశాల చేపల్లో ఉన్నంత స్పష్టంగా ఉండవు, మాకూ లెక్క తప్పుతుంటుంది. ఒక రాయి పాప దగ్గరే ఉంచుకుని, రెండవది ఎప్పుడైనా మా ప్రయోగశాలకు తీసుకురండి, కోసి చూపిస్తాను.


బీచ్‌రోడ్డు_నాన్న
శనివారం, రాత్రి 9:05

తప్పకుండా తీసుకొస్తాము. రాయిని కోయడానికి పాప మొదట ఒప్పుకోలేదు, రెండు ఉన్నాయి కదా అంటే ఒప్పుకున్నది.

కొత్త జాకెట్ బరువు చూసి కొన్నాను, కాళ్ల మధ్య పట్టీ ఉన్నదే. భుజాలు పట్టి లేపి చూశాను, గడ్డం జారలేదు. మళ్లీ ఎప్పుడు వెళతామో తెలియదు, నిషేధం మొదలయ్యేలోగా అష్టమి ఆదివారంనాడు వస్తుందో లేదో క్యాలెండరులో చూడాలి. పాప మాత్రం తన సన్నాహంలో ఉన్నది. గోడకు ఆనుకుని రెండు చేతులూ చాపి తన బారను పెన్సిలుతో గుర్తుపెట్టుకున్నది, మీటరు ముప్పై ఎనిమిది వచ్చింది. ఈ ఉదయం తాతను కూడా ఆయన ఇంటి గోడకు అలాగే నిలబెట్టి కొలిచింది, మీటరు డెబ్బై నాలుగు. ఇప్పుడు నట్టింట్లో కూర్చుని గాలం తాడుకు తాత బార కొలతలో ఒక్కో ముడి వేస్తోంది, పదిహేనో ముడి దగ్గర ఎర్ర దారం కట్టాలట.